పప్పుడకని నీళ్లు

విజయనగరం చరిత్ర అంటే 1713లో మొదలైన కోట అంటారు. బొబ్బిలి చరిత్ర అంటే 1757 జనవరిలో జరిగిన యుద్ధం అంటారు. ఎవరు ఎవర్ని పొడిచారో, ఏ రాజు ఏ కవిని పోషించాడో అన్నీ రాసిపెట్టారు. కోటకి రాళ్లు మోసినోడు ఆ పూట ఏం తిన్నాడో మాత్రం ఎవరూ రాయలేదు. వాడి పెళ్లాం ఏ నీళ్లతో ఏ గింజ ఉడకేసిందో అసలే రాయలేదు. పొయ్యికాడ జరిగేది ఆడోళ్ల పని గదా, అందులో చరిత్ర ఏముంటుందని మీ అనుమానం. మాకు ఆ అనుమానం లేదు. మా మీద జరిగిందంతా ముందు మా కుండలోనే జరిగింది. అందుకే మా చరిత్ర కుండకాడ మొదలెడతాను.

మా పేట రాజాం వైపు ఒక మెట్ట ఊళ్లో ఉంది. 2022 ఏప్రిల్ దాకా శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు విజయనగరం జిల్లా. జిల్లా మారింది గానీ పేట మారలేదు. ఊరు మెరక మీద, మేం పల్లంలో. వానాకాలం ఊరి మురుగంతా మా గుమ్మాల ముందు నుంచే పోతుంది.

మా అయ్య కంబారి. కంబారి అంటే ఏడాది లెక్కన ఒప్పుకున్న పాలేరు. జీతం గింజల్లో. వరి ఊడ్చేది, కోసేది, నూర్చేది మేమే. కళ్లం కాడ కుంచాలతో కొలిచేటప్పుడు మాత్రం ధాన్యం తక్కువ, చోళ్లూ గంటెలూ ఎక్కువ. ధాన్యానికి బజార్లో ధర ఉంది, చోళ్లకి లేదు. ధర లేనిది మాకు. కళ్లం ఎత్తేశాక అడుగున మట్టితో కలిసిన గింజ ఊడ్చుకోవడం మా హక్కు. కోసిన మడిలో రాలిన వెన్నులు ఏరుకోవడం, పరిగె, అదీ హక్కే. మా అమ్మ ఆ మట్టి గింజల్ని చేటలో చెరిగి, నీళ్లలో గాలించి, ఎండబెట్టి, దంచేది. పది దోసిళ్ల మట్టికి ఒక దోసెడు నూకలు.

పొద్దున్న అంబలి. ముందురోజు చోడిపిండి నీళ్లలో కలిపి పులవనిచ్చి, తెల్లారగట్ల నూకలు ఉడుకుతున్న ఎసట్లో పోసి కలియబెట్టాలి. ఉండ కట్టకూడదు, అడుగంటకూడదు. కాస్త ఉప్పు, ఒక ఉల్లిపాయ, ఉంటే ఎండుచేప ముక్క. అది తాగి మనిషి మధ్యాన్నం దాకా దుక్కి దున్నగలడు. కొర్రలు, సామలు, ఊదలు పండిన ఏడు అవీ ఉండేవి. వరన్నం పండక్కి, పెళ్లికి, చావుకి.

వరన్నం వండే రోజున కూడా రెండు పద్ధతులున్నాయి. నీళ్లు ఎక్కువ పోసి వార్చడం ఒకటి. కొలత ప్రకారం పోసి నీళ్లు గింజలోనే ఇంకిపోయేట్టు అత్తెసరు పెట్టడం ఇంకొకటి. మా ఇళ్లలో అత్తెసరు పెట్టరు. పెడితే గంజి రాదు. మాకు గంజి ఒక పూట తిండి. ఊళ్లో పెద్దోళ్లు గంజి వార్చి చొక్కాలకి పెట్టుకునేవారు, మిగిలింది గోలెంలో కుడితిగా పశువులకి పోసేవారు. పెళపెళలాడే చొక్కాల్ని చూస్తే నాకు ఇప్పటికీ బట్ట కనిపించదు, ఒక గిన్నెడు గంజి కనిపిస్తుంది.

ఇక ఉలవలు. ఉలవలు ఎడ్ల తిండి. నాగలి సాగే రోజుల్లో ఎడ్లకి ఉలవలు ఉడకేసి పెట్టే పని మా అయ్యది. రాత్రి నానేసి, పశువుల సాలలో మూడు రాళ్ల పొయ్యి మీద పెద్ద కుండ పెట్టి ఉడికించేవాడు. ఆ ఉలవకట్టు వాసన ఎంత కమ్మగా ఉంటుందో తెలిసినోళ్లకి తెలుసు. కామందు ఇంట్లోనూ ఉలవచారు కాస్తారు. కానీ మా అయ్య కాచిన కట్టు వాళ్ల వంటింట్లోకి పోదు, అంటు. వాళ్ల కట్టు వాళ్ల ఆడోళ్లే వేరే కాచుకుంటారు. అదే మా అయ్య కుండలోది ఎడ్లు తాగితే అంటు లేదు. ఆ ఎడ్లు దున్నిన మడిలో పండిన గింజకి అంటు లేదు. ఆ గింజని మేం నూర్చి, తూర్పారబట్టి, గాదెలో పోసి వచ్చినా అంటు లేదు. గింజకి నీళ్లు తగిలి, నిప్పు తగిలి, మా చెయ్యి తగిలితే అప్పుడు వచ్చేస్తుంది కులం. పచ్చి గింజకి కులం లేదు, ఉడికిన గింజకి ఉంది. అంటరానితనం గురించి ఎన్ని పుస్తకాలు చదివినా నాకు దొరికిన అర్థం ఇదే.

ఒకసారి మా అయ్య దోసెడు ఉలవగుగ్గిళ్లు తుండుగుడ్డలో కట్టుకొచ్చాడని పంచాయితీ పెట్టారు. ఎడ్ల నోటికాడ కూడు లాక్కున్నాడని అభియోగం. జీతంలో రెండు కుంచాలు కోసేశారు. ఎద్దుకి ఉన్న పప్పు మనిషికి లేదని ఆ పంచాయితీలో ఒక్కడికీ తోచలేదు.

పప్పు విషయంలోనే మా అమ్మకి పెద్ద చెడ్డపేరు ఉండేది. కందిపప్పు వండితే ఉడకదు. పైన పసుపు నీళ్లు, అడుగున పలుకులు. ఒక్క మా అమ్మకే కాదు, పేట అంతటికీ అంతే. ఊళ్లో ఆడోళ్లు నవ్వేవారు, "మాలోళ్లకి పప్పు వండడం వస్తాదేటి" అని. మా అమ్మ తల దించుకునేది. రాత్రంతా నానేసేది, కంది కంపలు, తాటిమట్టలు తోసి తోసి మంట పెట్టేది, చిటికెడు తినేసోడా వేసేది. "ఈ నీల్లకి ఉడకదే గుంటా, ఎన్ని కర్రలు తోసినా అంతే" అనేది.

అమ్మ చెప్పింది అక్షరాలా శాస్త్రమే. మా పేట బావి నీళ్లు కఠిన జలం. కాగిన గిన్నె అడుగున తెల్లగా సున్నంలా పేరుకునేది, సబ్బు నురగ వచ్చేది కాదు. అలాంటి నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. పప్పుగింజలో కణాల్ని అతికిపెట్టే పెక్టిన్ అనే పదార్థం ఉంటుంది. మామూలు నీళ్లలో అది కరిగి గింజ విచ్చుకుంటుంది. కాల్షియం, మెగ్నీషియం దాన్ని పట్టేసి ఇంకా బిగిస్తాయి. అందుకే గంటలు కాగినా పలుకు పలుకే. పులుపు పడితే కూడా పప్పుడకదని ప్రతి తల్లికీ తెలుసు, ఉడికాకే చింతపండు పిసుకుతారు. సోడా వేస్తే మెత్తబడుతుంది గానీ గింజలో ఉన్న బి1 విటమిను పోతుంది.

ఊరి బావిలో మంచినీళ్లు. అందులో పప్పు వెన్నలా ఉడుకుతుంది. ఆ బావి చప్టా మేం ఎక్కకూడదు. పండగనాడు అమ్మ పొద్దున్నే కుండ పట్టుకుని చప్టా కింద నిలబడేది. "తల్లీ, పప్పులోకి రెండు చేదలు పొయ్యండమ్మా" అని ఎవరొస్తే వాళ్లని అడిగేది. బుద్ధి పుట్టినోళ్లు పైనుంచి పోసేవారు, సగం కుండలో, సగం అమ్మ మీద. బుద్ధి పుట్టనోళ్లు పోయేవారు. అమ్మ నిలబడిన పొద్దుకి లెక్క లేదు. మాకు పప్పు వండడం రాదన్నోళ్లే మాకు నీళ్లు పొయ్యనోళ్లు. ఇక్కడి మాటల్లో ఒక ఎత్తిపొడుపు ఉంది, "నీ పప్పులుడకవు" అని. ఎవరు పుట్టించారో గానీ, మాకది సామెత కాదు, మా బావి.

1927 మార్చి 20న అంబేడ్కర్ మహద్‌లో చవదార్ చెరువు నీళ్లు దోసిట పట్టి తాగాడు. ఆ నీళ్ల కోసం దేశమంతటికీ ఒక చట్టం రావడానికి 28 ఏళ్లు పట్టింది. 1955 జూన్ 1 నుంచి అస్పృశ్యతా నేరాల చట్టం అమల్లోకి వచ్చింది. బావి, చెరువు, కుళాయి ఎవరికీ అడ్డు పెట్టకూడదంది. చట్టం ఢిల్లీలో వచ్చింది, చప్టా మా ఊళ్లో ఉంది. నా చిన్నతనంలో, అంటే చట్టం వచ్చిన పదిహేనేళ్ల తర్వాత కూడా, మా అమ్మ చప్టా కిందే నిలబడింది.

ఆ 1955లోనే ఇంకో రెండు సంగతులు జరిగాయి. ఒకటి మాకు దగ్గర్లోనే. ఆంధ్ర, ఒడిశా సరిహద్దులో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రంలో కరెంటు పుట్టింది. దానికోసం కట్టిన జలాపుట్ జలాశయం కింద ఆదివాసీల ఊళ్లు మునిగాయి. కరెంటు విశాఖకీ విజయనగరానికీ తీగల మీద మా నెత్తిన వెళ్లిపోయింది.

రెండోది జపాన్‌లో. ఆ డిసెంబర్‌లో టోషిబా కంపెనీ మొదటి ఆటోమేటిక్ రైస్ కుక్కరు అమ్మకానికి పెట్టింది. దాన్ని తయారుచేసింది యోషితద మినామి అనే చిన్న కర్మాగారం యజమాని. కానీ ఎంత వేడికి, ఎంతసేపటికి, ఎలా ఉడుకుతుందో మళ్లీ మళ్లీ వండి చూసి కొలతలు రాసుకుంది ఆయన భార్య ఫుమికో. దాని కిటుకు చాలా సులువు. రెండు గిన్నెలు. బయటి గిన్నెలో కాసిని నీళ్లు. ఇరవై నిమిషాల్లో ఆ నీళ్లు ఆవిరైపోతాయి. నీళ్లున్నంతసేపూ వేడి నూరు డిగ్రీలు దాటదు. అయిపోగానే దాటుతుంది, మీట పడిపోతుంది. ఇప్పటి కుక్కర్లలో బయటి గిన్నె లేదు. అడుగున ఒక అయస్కాంతం ముక్క ఉంటుంది. గిన్నెలో నీళ్లింకి వేడి నూరు దాటగానే దాని పట్టు వదులుతుంది, స్ప్రింగు తోసేస్తుంది, టక్కుమని మీట పడుతుంది. అంటే అది అత్తెసరు మిషను. ఆడదాన్ని పొయ్యికాడ కాపలా నుంచి తప్పించిన మిషను. ఆ సంగతి కనిపెట్టడానికి అక్కడ కూడా ఒక ఆడది పొయ్యికాడే కూచోవాల్సి వచ్చింది.

మా పేటలోకి మొదటి రైస్ కుక్కరు 1990ల చివర్లో మా చెల్లి పెళ్లికి వచ్చింది. విశాఖలో కూలిపనికి పోయిన మేనమామ తెచ్చాడు. అప్పటికి మా ఇంట్లో ఉన్నది కుటీరజ్యోతి కనెక్షను. 1988-89లో వచ్చిన ఆ పథకం కింద పేదోళ్ల ఇంటికి ఒక్క బల్బు. ఆ బల్బు తీగకి 700 వాట్ల కుక్కరు తగిలిస్తే ఏమవుతుంది? వైరు కాలిపోయింది, పేటలో సగం ఇళ్లు చీకటి. ప్రభుత్వ లెక్కలో దళితుడి ఇంటికి వెలుతురు కావాలి గానీ వంట కరెంటు మీద అవుతుందన్న ఊహ లేదు. మీటరు మార్చుకునేదాకా రెండేళ్లు ఆ కుక్కరు గూట్లో ఉంది. అమ్మ అందులో విత్తనపు చోళ్లు పోసి మూత పెట్టింది.

మీటరు మారాక కూడా అమ్మ దాన్ని అన్నానికి వాడలేదు. "గంజి రాని కుండేటే" అంది. పప్పుకీ, గుగ్గిళ్లకీ వాడింది. అదే ఏడు పేటలోకి రక్షిత మంచినీటి కుళాయి వచ్చింది, ఊరికీ మాకూ ఒకే ట్యాంకు నుంచి. కందిపప్పు గంటసేపు నానేసి, మూడింతలు నీళ్లు, పసుపు, చుక్క నూనె వేసి మీట నొక్కింది. నూనె వేస్తే నురగ పొంగి మూత తన్నదు. గిన్నె సగానికి మించి నింపకూడదు. టక్కుమంది. మూత తీసి గరిటెతో నొక్కింది. పప్పు విచ్చుకుపోయింది. అమ్మ మాట్లాడలేదు. ఇంకోసారి నొక్కి చూసింది. నలభై ఏళ్లు తన చేతిదే లోపమని ఊరు చెప్పింది, తనూ నమ్మింది. "నీల్లేనే గుంటా... నీల్లే" అంది. అంతే అంది.

ఆ రోజు నుంచి ఆమె ఆ మిషనుని చదివేసింది. కుక్కరుకి నీళ్లు ఇంకిన సంగతి తెలుసు గానీ గింజ ఉడికిన సంగతి తెలీదు అనేది. పెసరపప్పు నానబెట్టకపోయినా ఒక్క మీటలో అయిపోతుంది. బియ్యంతో కలిపి పోస్తే పులగం. ఉలవలు, బొబ్బర్లు రాత్రంతా నానాలి, నాలుగింతలు నీళ్లు, రెండు మూడుసార్లు మీట. మీట పడగానే మళ్లీ నొక్కితే నిలబడదు. గ్లాసుడు నీళ్లు పోస్తే అడుగు చల్లబడి అయస్కాంతం మళ్లీ పట్టుకుంటుంది. ఇది ఎవరూ చెప్పలేదు ఆమెకి. అక్షరం రాదు. ఉలవలు ఇప్పుడు ఎడ్లవి కావు, ఎడ్లే లేవు, ట్రాక్టర్లొచ్చాయి. ఆమె ఉలవకట్టు కాచిన రోజున మా అయ్య రెండు గిన్నెలు తాగేవాడు.

ఇక కుండలోకి వచ్చే గింజ సంగతి. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చింది. ఆ బియ్యాన్ని నేను తక్కువ చెయ్యను. కామందు గాదెకాడ చెయ్యి చాపకుండా ఇంట్లోకి గింజ రావడం మా పేట పుట్టాక అదే మొదటిసారి. ఎందరో కంబారితనం మానుకోడానికి ఆ బియ్యం ఊతమైంది. మధ్యలో రేటు పెంచారు, 2008లో మళ్లీ రెండు రూపాయలు చేశారు, 2011లో రూపాయి చేశారు, 2023 జనవరి నుంచి ఉచితం. నలభై ఏళ్ల పైచిలుకు బియ్యం వస్తూనే ఉంది. పప్పు? అప్పుడప్పుడూ కార్డుకి కిలో కందిపప్పు. 2013లో అమ్మహస్తం సంచిలో తొమ్మిది సరుకుల్లో ఒకటిగా వచ్చింది, ప్రభుత్వం మారితే పోయింది. అదే 2013లో వచ్చిన జాతీయ ఆహార భద్రతా చట్టం మనిషికి నెలకి ఐదు కిలోల తిండిగింజలు హక్కంది. పప్పుని హక్కనలేదు. మా అమ్మ ఒక్క మాటలో చెప్పేది. "బియ్యం ఇచ్చినారు. దాన్లోకేటి?"

ఇది నోటి రుచి కోసం అడిగిన ప్రశ్న కాదు. మన ఉత్తర సర్కారు జిల్లాలు 1930ల్లో బెరిబెరి జబ్బుకి పేరుపడ్డాయి. కూనూరు పరిశోధనశాలలో ఆయ్‌క్రాయిడ్ బృందం దాన్ని పరిశీలించింది. ఉప్పుడుబియ్యం కాకుండా ముడిబియ్యాన్ని మిల్లులో తెల్లగా పట్టించుకు తినడమే ఇక్కడ మూలమని తేల్చారు. తవుడుతో పాటు బి1 విటమిను పోతుంది. కడిగి వారిస్తే మిగిలింది కూడా పోతుంది. ఆ పరిశోధనశాలే తర్వాత హైదరాబాదుకి వచ్చి జాతీయ పోషకాహార సంస్థ అయింది. అంటే ప్రభుత్వానికి తెలియని సంగతి కాదు. నూరు గ్రాముల చోళ్లలో 340 మిల్లీగ్రాములకి పైగా కాల్షియం ఉంది, బియ్యంలో పదో పరకో. బియ్యంలో కొరవడిన మాంసకృత్తు పప్పులో ఉంది. చోడి అంబలి పోయింది, పప్పు రాలేదు, తెల్లబియ్యం మిగిలింది. రక్తం లేని ఆడోళ్లు మా పేటలో ఇంటికొకరున్నారు.

పప్పు కొనుక్కోలేనప్పుడు పండించుకోవాలి. మా దగ్గర వరి కోతకి ముందే తడి మడిలో మినుములు, పెసలు చల్లేస్తారు. కోత అయ్యాక మిగిలిన చెమ్మతోనే అవి పండుతాయి. పెట్టుబడి లేదు, దుక్కి లేదు. కావాల్సింది ఒక్కటే, మడి. అది మాకు లేదు. మాకున్నది కాయ కోసే కూలి.

మడి అడిగితే ఏమవుతుందో మా కళ్లముందే జరిగింది. మడ్డువలస జలాశయానికి సేకరించిన భూమిలో కొంత మునక్కుండా మిగిలింది. ప్రభుత్వ భూమి. వంగర మండలం లక్ష్మీపేటలో దళితులు అందులో సాగు చేసుకున్నారు. 2012 జూన్ 12న వాళ్ల మీద పడి ఐదుగుర్ని చంపారు. కారంచేడు 1985, చుండూరు 1991 ఎక్కడో కోస్తా కమ్మ, రెడ్డి ఊళ్ల సంగతులని మా జిల్లాల్లో పెద్దమనుషులు చెప్పేవారు. ఉత్తరాంధ్ర నెమ్మది మనుషుల దేశమనేవారు. చంపినోళ్లు వెనకబడిన కులమోళ్లే కదా అని లక్ష్మీపేట తర్వాత సర్దిచెప్పుకున్నారు. గింజ మా చేతికి రాకుండా ఆపేవాడు ఏ వరసలో ఉన్నా మా కుండకి తేడా లేదు.

చివరికి బడి పొయ్యి సంగతి. 2001 నవంబర్ 28న సుప్రీంకోర్టు బడిపిల్లలకి వండిన భోజనం పెట్టమని రాష్ట్రాలని ఆదేశించింది. మన రాష్ట్రంలో 2003 జనవరిలో మొదలైంది. 2004 ఏప్రిల్ 20న ఇంకో ఆదేశంలో వంటవాళ్లుగా దళితులకీ ఆదివాసులకీ ముందు చోటివ్వమంది. ఆ పంక్తి రాసినోళ్లకి వంట ఎక్కడ కులమవుతుందో తెలుసు. పచ్చి బియ్యం పంచితే ఎవరికీ అభ్యంతరం లేదు. వండి పెట్టాలి, అదీ మా చేత్తో. అక్కడుంది దెబ్బ.

మా వదినకి ఒక బళ్లో వంటపని వచ్చింది. ఊరి పేరు, బడి పేరు రాయను. మొదటి వారం సగం మంది పిల్లలు క్యారేజీలు తెచ్చుకున్నారు. నాలుగో తరగతి గుంటడు ఒకడు, "మా నానమ్మ తినొద్దంది" అని ఆమె మొహమ్మీదే చెప్పాడు. వదిన ఏడవలేదు. పప్పు దించి, వాళ్లెదురుగానే పోపు పెట్టింది. ఎండుమిరప, వెల్లుల్లి, కరివేపాకు. బడంతా ఆ వాసన. రెండో నెలకి క్యారేజీలు సగమయ్యాయి. ఆకలి గెలిచిందని నేననను, ఇప్పటికీ ముగ్గురు నలుగురు ఇంటికే పోతారు. ఆమె జీతం మాత్రం నెలల తరబడి రాదు. వంట కులమైనప్పుడు మాది, కూలి అడిగినప్పుడు సేవ.

ఇప్పుడు చోళ్లకి మంచి రోజులొచ్చాయి. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమంది. విజయనగరం వ్యవసాయ పరిశోధన స్థానం చంపావతి లాంటి చోడి రకాలెన్నో తయారుచేసింది. పట్నంలో షుగరున్నోళ్లు పాకెట్లలో కొని కుక్కర్లో కొర్రన్నం, సామన్నం వండుకుంటున్నారు. వండుకోనివ్వండి, మంచి తిండి. కానీ ఆ గింజల్ని కరువులో విత్తనం పోకుండా దాచింది ఎవరో, వాటిని తిన్నందుకు ఎవర్ని చోడంబలి మొహాలని వెక్కిరించారో కూడా పాకెట్టు మీద రాయండి.

మేం అడిగేది పెద్దదేం కాదు. కార్డు మీద బియ్యంతో పాటు పప్పు, చోళ్లు దయగా కాదు, హక్కుగా ఇవ్వండి. మునగని భూమిలో మా మడి మాకు కొలిచి ఇవ్వండి. బళ్లో వండే చేతికి నెల నెలా కూలివ్వండి. నీళ్లొస్తే మా పప్పు ఉడికింది. మిగతావీ వస్తే మాకు ఎవరూ వంట నేర్పక్కర్లేదు.